అరచేతి ముక్క మీద మోయలేని తేదీ

ఇంగ్లండులోని మాంచెస్టర్ నగరంలో, జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో, ఒక పపైరస్ ముక్క ఉంది. పపైరస్ అంటే నీటి మొక్క కాండంతో చేసిన పాతకాలపు కాగితం. ఎత్తు 9 సెంటీమీటర్లకు కాస్త తక్కువ, వెడల్పు 6. అరచేతిలో పెట్టుకుంటే ఇంకా చోటు మిగులుతుంది. రెండు వైపులా గ్రీకు అక్షరాలున్నాయి, ఒక్కో వైపు ఏడేసి వరుసలు. ఒక్క వరుస కూడా పూర్తిగా మిగల్లేదు. చదవగలిగిన అక్షరాలన్నీ కలిపితే వందకు కొద్దిగా పైన. గ్రంథాలయం జాబితాలో ఇది గ్రీకు పపైరస్ 457. కొత్త నిబంధన రాతప్రతులను పరిశీలించే పండితులు దీన్ని పి52 అంటారు. 52 అనేది జాబితాలో చేరిన వరుస సంఖ్య మాత్రమే, వయసుకు గుర్తు కాదు.

యోహాను సువార్త 18వ అధ్యాయంలో యేసు రోమన్ అధిపతి పిలాతు ఎదుట నిలబడిన ఘట్టంలోని కొన్ని మాటలు ఇందులో ఉన్నాయి. కొత్త నిబంధనకు సంబంధించి మిగిలిన అతి పాత రాతప్రతి ఇదేనని, దీని కాలం క్రీ.శ. 125 అని ఎన్నో పుస్తకాల్లో, ప్రసంగాల్లో కనిపిస్తుంది. కొన్నిచోట్ల "సుమారు" అనే మాట కూడా రాలిపోయింది. ఆ 125 ఎక్కడి నుంచి వచ్చింది, ఇంత చిన్న ముక్క అంత కచ్చితమైన సంవత్సరాన్ని మోయగలదా అన్నది తెలుసుకోదగ్గ విషయం. ఈ ముక్కను గౌరవించేవారికి ఆ అవసరం మరీ ఎక్కువ.

ముందుగా ముక్క మీద నిజంగా ఏముందో చూడాలి. ముందు వైపు మిగిలినవి వరుసల మొదళ్లు, వెనక వైపు మిగిలినవి వరుసల చివరలు. ముందు వైపు, ఎవరినీ చంపే అధికారం మాకు లేదని యూదులు పిలాతుతో చెప్పే మాట దగ్గర మొదలై, పిలాతు మళ్లీ అధికారమందిరంలోకి వెళ్లి "నువ్వు యూదుల రాజువా?" అని అడిగే చోటి దాకా వస్తుంది. వెనక వైపు, సత్యానికి సాక్ష్యం చెప్పడానికే పుట్టానని యేసు అనే మాటలు, ఆ తర్వాత పిలాతు బయటికి వచ్చి ఇతనిలో నాకు ఏ దోషమూ కనిపించలేదని చెప్పే వాక్యపు ఆరంభం ఉన్నాయి.

"సత్యమంటే ఏమిటి?" అని పిలాతు వేసిన ప్రసిద్ధమైన ప్రశ్న ఈ ముక్క మీద ఉందని తరచూ రాస్తుంటారు. వచనాల సంఖ్యల లెక్కన అది సరైనదే, ఆ ప్రశ్న 38వ వచనంలోది. కళ్లతో చూస్తే మాత్రం ఆ ప్రశ్న అక్కడ లేదు. "అతనితో అన్నాడు" అనే మాటలతో ఒక వరుస ముగుస్తుంది. కింది వరుసలో కనిపించేది "ఇది" అనే మాట, అంటే "ఇది అని పిలాతు బయటికి వెళ్లాడు" అనే వాక్యపు మొదలు. ఆ రెంటికీ నడుమ ఉన్న ప్రశ్న చిరిగిపోయిన భాగంతో పాటే పోయింది. యేసు పేరు రావలసిన రెండు చోట్లా పపైరస్ లేదు. పిలాతు పేరులో ముందు వైపు మిగిలింది మొదటి అక్షరం ఒక్కటే. "సత్యం" అనే మాట మాత్రం ఒకచోట కనిపిస్తుంది, చివరి అక్షరాలు కోల్పోయి.

ఇంత తక్కువ మిగిలినా ఇది యోహాను సువార్తే అని చెప్పడంలో ఊహ లేదు. తెలిసిన పద్యంలో నాలుగు పాదాల మొదళ్లు మాత్రమే మిగిలినా పద్యం ఏదో పోల్చుకోగలిగినట్టే ఇదీ. మిగతా ప్రతుల్లోని పాఠాన్ని పక్కన పెట్టుకుని ఖాళీలు నింపితే వరుసకు దాదాపు 30 అక్షరాలు వస్తాయి, వరుసలన్నీ చక్కగా కుదురుతాయి. ఒకచోట మాత్రం కుదరవు. "ఇందుకోసమే పుట్టాను, ఇందుకోసమే లోకానికి వచ్చాను" అనే వాక్యంలో రెండో "ఇందుకోసమే"కు చోటు చాలదు. ఈ ప్రతి రాసిన వ్యక్తి ఆ మాటను రాసి ఉండడని అందుకే అనుకుంటారు. కనిపించని మాటను కొలబద్దతో పట్టుకునే ఈ పద్ధతి ముచ్చటైనది.

అదే లెక్కతో పుట కొలత కూడా తెలుస్తుంది. ముందు వైపు చివరి వరుసకూ వెనక వైపు మొదటి వరుసకూ మధ్య ఎంత పాఠం పోయిందో మనకు తెలుసు. దాన్నిబట్టి పుటకు 18 వరుసలు. సువార్త మొత్తం రాయడానికి సుమారు 130 పుటలు పట్టి ఉండాలి. చుట్టగా చుట్టే పపైరస్‌లో సాధారణంగా లోపలి వైపే రాసేవారు. ఇక్కడ ఒకే పాఠం ముందు నుంచి వెనక్కి సాగుతోంది. అంటే ఇది ఆకులు మడిచి కుట్టిన పుస్తకం నుంచి ఊడిన ఆకు. ఆ కాలపు గ్రీకు సాహిత్యం ఎక్కువగా చుట్టల్లోనే ఉండేది. క్రైస్తవులు మాత్రం తమ గ్రంథాలకు తొలినాళ్ల నుంచే పుస్తక రూపాన్ని ఎంచుకున్నారు. ఆ ఎంపికకు చాలా పాత సాక్ష్యాల్లో ఇదొకటి. దీన్ని గురించి మాట్లాడవలసినంతగా మాట్లాడరు, సంవత్సరం గొడవ అంతా మింగేస్తుంది.

ఈ ముక్క 1920లో ఈజిప్టు నుంచి వచ్చింది. ఈజిప్టులోని ఆక్సిరింకస్ అనే ప్రాచీన పట్టణపు చెత్తదిబ్బల్లో ఆర్థర్ హంట్‌తో కలిసి వేల పపైరస్‌లను వెలికితీసిన బెర్నార్డ్ గ్రెన్‌ఫెల్, రైలాండ్స్ గ్రంథాలయం కోసం అక్కడి వ్యాపారుల దగ్గర కొన్న ముక్కల్లో ఇదొకటి. గ్రెన్‌ఫెల్ 1926లో మరణించారు. ముక్క పెట్టెలోనే ఉండిపోయింది. 1934లో కోలిన్ రాబర్ట్స్ అనే పాతికేళ్ల యువ పండితుడు ఆ సేకరణను వరుసపెట్టి చూస్తూ ఈ అక్షరాలు యోహాను సువార్తలోవని గుర్తుపట్టారు. మరుసటి ఏడాది చిన్న పుస్తకంగా ప్రకటించారు.

తవ్వకంలో దొరక్కుండా కొనుగోలులో రావడం వల్ల ఒక నష్టం జరిగింది. అది ఏ ఊరి మట్టిలో ఉందో, దాని పక్కన తేదీ వేసిన పన్ను రసీదు గానీ కౌలు పత్రం గానీ ఉందో లేదో ఎవరికీ తెలియదు. పక్కనున్న వస్తువుల సాక్ష్యం పోయాక మిగిలింది ఒక్కటే, చేతిరాత.

చేతిరాతను బట్టి కాలం చెప్పే విద్యను ప్రాచీన లిపిశాస్త్రం అంటారు. ఈ పని తెలుగువారికి కొత్తది కాదు. శక సంవత్సరం వేయని శాసనానికి అక్షరాల వాటాన్ని బట్టే కాలం కడతారు. తాళపత్ర ప్రతుల చివర చాలాసార్లు "ఫలానా నామ సంవత్సరం" అని మాత్రమే ఉంటుంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది కాబట్టి అది ఏ ఆవృత్తిలోని సంవత్సరమో లిపిని చూసే ఊహించాలి. ఇంట్లో మిగిలిన పాత దస్తావేజులు చూసినా తెలుస్తుంది, తాతగారి కాలపు రాతకూ ఇప్పటి రాతకూ తేడా కళ్లకు కడుతుంది. అయితే ఆ రాత 1910 నాటిదా 1935 నాటిదా అని అడిగితే, తేదీ చూడకుండా చెప్పగలవాళ్లు అరుదు. ఇరవై ఏళ్ల వయసులో అలవాటైన రాత అరవై ఏళ్లకూ పెద్దగా మారదు. ఆ రాతనే బళ్లో పిల్లలకు నేర్పితే అది ఇంకో తరానికి పాకుతుంది.

గ్రీకు పపైరస్‌లదీ ఇదే పరిస్థితి. పన్ను రసీదులు, అర్జీలు, ఒప్పందాల మీద చక్రవర్తి ఏలుబడిలో ఎన్నో ఏడో రాస్తారు, కాబట్టి వాటి తేదీ కచ్చితం. పుస్తకాలకు అలాంటి తేదీ ఉండదు. అందుకని తేదీ ఉన్న పత్రాల్లో పోలిన రాత వెతికి, పుస్తకానికి ఆ కాలం ఆపాదిస్తారు. ఈ పోలిక ఎంత గట్టిదో, తేదీ అంత గట్టిది.

రాబర్ట్స్ చేసింది సరిగ్గా ఇదే, చాలా జాగ్రత్తగా చేశారు. ఆయన పోల్చిన వాటిలో తేదీ తెలిసినవి మూడు: ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో దొరికిన క్రీ.శ. 94 నాటి పత్రం, డొమిషియన్ చక్రవర్తి కాలంలో (81–96) రాసిన ఒక లేఖ, ఓస్లోలో ఉన్న 127 నాటి అర్జీ. మరో రెండు సాహిత్య ప్రతులు. ఒకటి బెర్లిన్‌లోని, ఇలియడ్ అనే గ్రీకు కావ్యపు ముక్క, రెండోది ఎగర్టన్ పపైరస్ అనే పేరున్న, కొత్త నిబంధనలో చేరని ఒక సువార్త. ఈ రెంటికీ సొంత తేదీ లేదు, వాటికీ చేతిరాతను బట్టే కాలం కట్టారు. ఫ్రెడరిక్ కెన్యన్, హెరాల్డ్ బెల్, బెర్లిన్‌లోని విల్‌హెల్మ్ షుబార్ట్ వంటి పపైరస్ పండితులను కూడా సంప్రదించి, రెండో శతాబ్దపు మొదటి సగంలో రాసి ఉండే అవకాశం ఎక్కువని రాబర్ట్స్ తేల్చారు. అంటే 100కూ 150కీ మధ్య ఎప్పుడైనా కావచ్చు. ఆ యాభై ఏళ్లకు నట్టనడుమ ఉన్న సంవత్సరమే 125. నడిమి బిందువుగా పుట్టిన ఆ అంకె తర్వాతి పుస్తకాల్లో జన్మతేదీలా స్థిరపడింది. రాబర్ట్స్ రాసింది ఒక అవధి. చదివినవాళ్లు దాన్ని ఒక అంకెగా కుదించుకున్నారు.

ఎందుకు కుదించుకున్నారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీలోని ట్యూబింగన్‌లో ఫెర్డినాండ్ క్రిస్టియన్ బౌర్ అనే ఆచార్యుడు యోహాను సువార్తను చాలా ఆలస్యంగా, క్రీ.శ. 160–170 ప్రాంతంలో రాశారని వాదించారు. అదే నిజమైతే ఆ సువార్తకూ యేసు జీవితానికీ మధ్య నూరేళ్లకు పైబడిన ఎడం ఉంటుంది. 1935లో వచ్చిన ఈ ముక్క ఆ వాదాన్ని ఒక్క దెబ్బతో కూల్చిందన్న కథ అప్పటి నుంచి బాగా ప్రచారంలో ఉంది. విశ్వాసులకు అది ఊరట కలిగించే కథ. ఎదుటివారికి దీటైన జవాబు దొరికిందన్న సంతోషం అందులో ఉంది.

కథ వినడానికి బాగుంది గానీ చరిత్ర అలా నడవలేదు. బౌర్ వాదం అప్పటికే బలహీనపడింది. క్రీ.శ. 180 ప్రాంతంలో ఇరేనియస్ అనే క్రైస్తవ బిషప్ యోహాను సువార్తను అందరికీ తెలిసిన గ్రంథంగా ఉటంకించాడు. దాదాపు 170లో టేషియన్ అనే క్రైస్తవ రచయిత నాలుగు సువార్తలను అల్లి ఒకే కథనం చేసినప్పుడు యోహాను అందులో ముఖ్యమైన పోగు. నిన్నో మొన్నో పుట్టిన గ్రంథానికి అంత గౌరవం దక్కదు. సంప్రదాయవాది కాని జర్మన్ చర్చి చరిత్రకారుడు ఆడాల్ఫ్ హార్నాక్ సైతం 1897లోనే యోహాను సువార్తను 80–110 మధ్య ఉంచారు. అప్పటికి పి52 ఇంకా ఈజిప్టు నుంచి బయటికే రాలేదు. ఆ ముక్క లేకపోయినా యోహాను సువార్త కాలం గురించి నేటి పండితుల అంచనా పెద్దగా మారదు. ఈ సంగతి మరుగున పడడం వల్లే ముక్క మీద అనవసరపు బరువు పడింది.

రాబర్ట్స్ కట్టిన తేదీకి మొదటి పగులు ఆయన పోలికగా తీసుకున్న ప్రతి నుంచే వచ్చింది. ఎగర్టన్ సువార్తకు చెందిన మరో చిన్న తునక జర్మనీలోని కొలోన్ సేకరణలో దొరికింది, 1987లో ప్రకటించారు. అందులో రెండు హల్లుల మధ్య కొక్కెం లాంటి చిన్న గుర్తు ఉంది. అలాంటి గుర్తు వాడకం మూడో శతాబ్దపు తొలి ఏళ్లలోనే మామూలైందని పపైరస్ నిపుణుడు ఎరిక్ టర్నర్ అంతకుముందే గమనించి ఉన్నారు. దాంతో చాలామంది ఎగర్టన్ పపైరస్‌ను 150 నుంచి 200 ప్రాంతానికి జరిపారు. దాని చెయ్యి పట్టుకుని నిలబడిన పి52 కూడా కొంత ఊగింది. 1989లో ఆండ్రియాస్ ష్మిట్ అనే పండితుడు వేరే పోలికల ఆధారంగా పి52 కాలం 170కి పాతికేళ్లు అటూఇటూ అన్నారు.

అసలు ప్రశ్నను సూటిగా అడిగినవారు బ్రెంట్ నోంగ్‌బ్రి అనే పండితుడు. 2005లో రాసిన వ్యాసంలో ఆయన పి52కు కొత్త తేదీ ఏదీ కట్టలేదు. తేదీ ఉన్న పత్రాల్లో పి52 రాతను పోలినవి ఎంత కాలం వరకు దొరుకుతాయో మాత్రమే వెతికారు. రెండో శతాబ్దపు తొలి భాగంలో దొరికాయి, 184 నాటి ఒక అర్జీలో దొరికాయి, మూడో శతాబ్దపు మొదటి ఏళ్లలోనూ దొరికాయి. కాబట్టి రెండో శతాబ్దపు చివరి భాగాన్ని, మూడో శతాబ్దపు ఆరంభాన్ని కూడా అవధిలో చేర్చక తప్పదన్నారు. చేతిరాత ఒక్కటే ఆధారంగా యోహాను సువార్త పుట్టిన కాలం గురించి వాదించకూడదన్నది ఆయన ముగింపు.

అందరూ ఒప్పుకోలేదు. 2012లో పాస్క్వాలే ఓర్సీని, విల్లీ క్లారిస్ తొలి క్రైస్తవ పపైరస్‌లన్నిటినీ ఒకే కొలతతో తిరిగి పరిశీలించారు. చాలా ప్రతుల తేదీలను తర్వాతి కాలానికి జరిపిన ఆ ఇద్దరే పి52కు మాత్రం 125–175 అని ఇచ్చారు. అంటే ఇష్టమొచ్చినట్టు వయసు పెంచేవారి మీద కోపంతో ఉన్న పండితుల చేతిలో కూడా ఈ ముక్క రెండో శతాబ్దంలోనే నిలిచింది. ఒక్కటి గమనించాలి. పాత సంప్రదాయం గుండె మీద చెయ్యేసుకుని చెప్పే 125 ఈ కొత్త అవధిలో మొదటి మెట్టు మాత్రమే.

కర్బన పరీక్ష చేయవచ్చు కదా అని అడగడం సహజం. ఆ పరీక్షకు పపైరస్‌లో కొంత భాగాన్ని కాల్చివేయాలి. ఇంత చిన్న ముక్కలో అది మామూలు కోత కాదు. పైగా ఆ పరీక్ష చెప్పేది మొక్కను ఎప్పుడు కోశారన్నదే, అక్షరాలు ఎప్పుడు రాశారన్నది కాదు. వచ్చే జవాబు కూడా అనేక దశాబ్దాల అవధిగానే ఉంటుంది. అక్షరాలను చూసి చెప్పే అవధి కంటే అది తప్పనిసరిగా ఇరుకుగా ఉంటుందన్న హామీ లేదు.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకే ముడి వేయడం వల్ల గందరగోళం పుడుతోంది. ఈ ప్రతి ఎప్పుడు రాసింది అన్నది ఒకటి, సువార్త ఎప్పుడు రాసింది అన్నది మరొకటి. నన్నయ భారతానికి మిగిలిన తాళపత్రం ఏ శతాబ్దానిదైనా నన్నయ కాలం దానితో మారదు. పాత ప్రతి దొరికితే గ్రంథం అంతకంటే పాతదని తెలుస్తుంది, అంతే. పి52 క్రీ.శ. 200 నాటిదని రేపు తేలినా, యోహాను సువార్త 200లో పుట్టిందని ఎవరూ అనలేరు. 125 నాటిదని తేలినా, అందులోని సంఘటనలు జరిగిన తీరుకు అది రుజువు కాబోదు. ఈ ముక్కతో విశ్వాసాన్ని నిలబెట్టాలనుకునేవారూ, ఈ ముక్క తేదీని కదిలించి విశ్వాసాన్ని కదిలించామనుకునేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారు.

కొలబద్దతో పోయిన మాటను పట్టుకునే పద్ధతికీ హద్దు ఉంది, దాన్ని చూపేది యేసు పేరు గురించిన వివాదం. తొలి క్రైస్తవ ప్రతుల్లో యేసు, దేవుడు, ప్రభువు వంటి మాటలను రెండు మూడు అక్షరాలకు కుదించి పైన గీత గీసేవారు. పి52లో అలా చేశారా? పేరు ఉండాల్సిన చోట పపైరస్సే లేదు కాబట్టి మళ్లీ అక్షరాల లెక్కే దిక్కు. పూర్తి పేరే రాసి ఉండాలని 2001లో క్రిస్టఫర్ టకెట్ వాదించారు. ఈ రాతగాడి వరుసలు సమానమైన పొడవులో లేవు, ఆ లెక్క నిలవదని రెండేళ్లకు లారీ హుర్టాడో బదులిచ్చారు. ఇద్దరి వాదమూ చదివితే హుర్టాడో జాగ్రత్తే ఎక్కువ నచ్చుతుంది, లేని అక్షరాలను లెక్కపెట్టడానికి ఎక్కడో ఒకచోట ఆగాలి.

కాలం సంగతి పక్కన పెట్టినా ఈ ముక్క చెప్పేది చాలానే ఉంది. రాసిన వ్యక్తి గొప్ప లేఖకుడు కాదు, అలాగని తొందరపడినవాడూ కాదు. అక్షరాలు పెద్దవి, విడివిడిగా, శ్రద్ధగా దిద్దినవి. "మాకు" అనే గ్రీకు మాటలో 'ఇ' ఉండాల్సిన చోట 'ఎఇ' రాశాడు, "లోపలికి వెళ్లాడు" అనే మాటలో 'ఎఇ' ఉండాల్సిన చోట ఉత్త 'ఇ' రాశాడు. అప్పటికి జనం నోట ఆ రెండూ ఒకేలా పలికేవి, ర, ఱ తేడా నోట పోయాక తెలుగు రాతలో తారుమారైనట్టు. చెవికి వినబడినట్టు రాసే మామూలు మనిషి చెయ్యి ఇక్కడ కనిపిస్తుంది. సంప్రదాయం యోహాను సువార్తను నేటి టర్కీ తీరంలోని ఎఫెసు పట్టణంతో ముడిపెడుతుంది. దాని ప్రతి ఒకటి సముద్రం దాటి ఈజిప్టు చేరింది, అక్కడ చదివేవారున్నారు. ఈజిప్టులో క్రైస్తవులు గుప్పెడు మందే ఉన్న కాలంలో వారి పుస్తకం ఒక్క ఆకు రూపంలోనైనా మిగలడమే అపురూపం.

ఒంటరి సాక్షి కూడా కాదిది. ఆక్సిరింకస్‌లో దొరికిన పి90 అనే మరో ముక్కలో ఇదే 18వ అధ్యాయం, పిలాతు విచారణ ఘట్టమే ఉంది. దాన్ని రెండో శతాబ్దపు చివరిదిగా లెక్కిస్తున్నారు. మత్తయి సువార్తకు చెందిన పి104 కూడా రెండో శతాబ్దానిదని పలువురి అంచనా. అతి పాతది ఏది అన్న పోటీలో ఒకరిని గెలిపించే బదులు వీటన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే, రెండో శతాబ్దంలో ఈ గ్రంథాలు ఈజిప్టులో ఎలా చేతులు మారాయో మరింత తేటపడుతుంది.

ఎగర్టన్ సువార్త కాలాన్ని కదిలించింది మరో నగరంలో, మరో సేకరణలో బయటపడ్డ చిన్న తునక, దాని మీది ఒక కొక్కెం గుర్తు. పి52 కూడా దాదాపు 130 పుటల పుస్తకంలోని ఒక ఆకు మూల. ఐరోపా, అమెరికా, ఈజిప్టుల్లోని సేకరణల్లో ఇప్పటికీ ఎవరూ చదవని పపైరస్ ముక్కలు పెట్టెల కొద్దీ ఉన్నాయి. పద్నాలుగేళ్లు పెట్టెలో పడి ఉన్న ఈ ముక్కను రాబర్ట్స్ గుర్తుపట్టినట్టే, అదే చేతిరాతతో, పుటకు 18 వరుసలతో ఉన్న ఇంకో ఆకును ఎవరైనా గుర్తుపట్టవచ్చు.